నాయిన ముఖం అడిగినవాడు

ఆ ఎండాకాలం మా నాయినకు తొమ్మిదేళ్ళు.

ఎగతాళి కాదు. మెయిల్ కంపెనీ లెక్కలో ఏసోబు అనేవాడు తొమ్మిదేళ్ళ పిల్లవాడు. పదమూడేళ్ళు నిండని పిల్లలకు సొంత ఖాతా ఉండకూడదట, అందుకని మూసేశారు. ఆ పిల్లవాడికి అప్పటికే నెత్తి సగం నెరిసింది, ఎడమ చెవి వినపడదు, పెళ్ళి మాటెత్తితే కరవడానికి వచ్చే కూతుర్ని నేనొకదాన్ని ఉన్నాను.

మా పల్లె మేళ్లచెరువు దాటి పోయాక సున్నపురాయి గనుల అంచున ఉంటుంది. వయసులో ఉన్నన్నాళ్ళూ నాయిన ఆ గనుల్లోనే రాయికి బొక్కలు పెట్టాడు. చెవి పోయింది అక్కడే. తర్వాత ఎకరన్నర చెలకలో పత్తి పెట్టుకుని, పల్లెలోని ప్రార్థన మందిరానికి పెద్దగా ఉంటున్నాడు. రోజూ మధ్యాహ్నం గని సైరన్ కూస్తుంది. కాసేపటికి బ్లాస్టింగ్. కాళ్ళ కింద నేల దడదడమంటుంది, వంటింట్లో గిన్నెలు కదులుతాయి, గోడల మట్టి రాలుతుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు. మేము మాత్రం కంచం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తింటూనే ఉంటాం.

రెండేళ్ళుగా నాయినకు ఒక అలవాటైంది. సైరన్ కూయగానే ఫోన్ పట్టుకుని ఏదో ఒక ఇంటి గోడ ముందు నిలబడేవాడు. ముందు తన పేరు, తారీఖు, వారం చెప్పేవాడు. మందిరంలో సాక్ష్యం చెప్పేవాళ్ళు అట్లాగే లేచి నిలబడి, పేరు చెప్పుకుని మొదలుపెడతారు. ఆయనకు ఇంకో రకంగా మాట్లాడడం రాదు. పేలుడు కాగానే ఫోన్‌ను పగులు దగ్గరికి తీసుకుపోయేవాడు.

"నిరుడు గీ సందుల అగ్గిపుల్ల వట్టేది. ఇయ్యాల నా ఏలు వడ్తాంది. సూడుండ్రి."

మా ఇల్లే కాదు, పల్లెలో ప్రతి గోడా ఆయన ఫోన్‌లోకి ఎక్కింది. ఎండిన బోర్లు, నెర్రెలు కొట్టిన బడి కప్పు, దుమ్ము పట్టిన పత్తి చేలు కూడా ఎక్కాయి. మా అమ్మ సుక్కమ్మ నోరు ఊరుకునేది కాదు.

"పనీ పాట లేదా నీకు? గోడలకు పెండ్లి ఫొటోలు దీస్తున్నవా?"

ఆ మార్చిలో ఆ ఫొటోలకే విలువ వచ్చింది. గనిని పల్లె పొలిమేర దాకా జరుపుతారనీ, మే నెలాఖరున షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారనీ చాటింపు వేశారు. అప్పుడు గని అరమైలు దూరంలో ఉంటేనే గోడలు ఆ తీరుగా ఉన్నాయి, మీదికి వస్తే ఇళ్ళు నిలుస్తాయా? ఏసోబన్న దగ్గర వీడియోలున్నాయి, ఆఫీసర్ల ముందు పెడితే గని ఇటు రాదు అని పల్లె పల్లెంతా నమ్మింది. ఎదురుపడ్డ ప్రతి ఒక్కరూ "అన్నా, ఫోన్ పైలం" అనేవారు. నాయిన జేబు మీద చెయ్యి వేసుకుని నడిచేవాడు.

అయితే ఆ వీడియోలు ఫోన్‌లో లేవు. అది చిన్న ఫోన్. ఊరికే నిండిపోతుందని, అమ్మిన దుకాణంవాడే మెయిల్ ఖాతా ఒకటి తెరిచి, తీసిన వీడియో తీసినట్టు అందులోకి పోయి ఫోన్ ఖాళీ అయ్యేలా ఏర్పాటు చేసి పెట్టాడు. ఏప్రిల్ మొదట్లో ఆ ఖాతా నాయినను పుట్టినరోజు అడిగింది.

నాయిన అసలు ఎప్పుడు పుట్టాడో ఎవరికీ తెలియదు. మక్కకంకులు పాలుపట్టే దినాలు అనేది మా నాయనమ్మ. ఆధార్‌లో మా పల్లె పెద్దలందరికీ ఉన్నట్టే జనవరి ఒకటి. పేరు పుట్టుకతోనే ఏసోబు కానీ, మనిషి కల్లు దుకాణం మనిషి. నాకు తిరుమల అని పేరు పెట్టింది ఆ కాలంలోనే. అప్పటికి తొమ్మిదేళ్ళ కిందట సాగర్ కాలువలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు, కల్లు మానాడు, అమ్మ మీద చెయ్యెత్తడం మానాడు. అదే తన రెండో పుట్టుక అంటాడు. ఏటా ఆ రోజు మా ఇంట్లో కేకు కోస్తాం, అమ్మ సేమ్యా వండుతుంది. మా పల్లెలో అట్లా రెండు పుట్టుకలు ఉన్నవాళ్ళు చాలామంది, రెండోదే అందరికీ పండుగ. ఖాతా పుట్టినరోజు అడిగితే నాయిన, ఎవరినీ అడగకుండా, కాలువలో మునిగిన రోజును కొట్టాడు. ఆ తర్వాత ఇంగ్లీషులో వచ్చిన హెచ్చరికలను ఏవో అడ్వర్టైజ్‌మెంట్లనుకుని తోసేశాడు.

"బిడ్డా, గిది జర సూడు. ఎర్ర అక్షరాలొస్తున్నయి," అని ఒక సాయంత్రం ఫోన్ నా చేతికిచ్చాడు.

చదివాను. నమ్మలేక మళ్ళీ చదివాను.

"నాయినా, పుట్టిన తారీఖు అడిగితే ఏం గొట్టినవ్?"

"నా పుట్టిన తారీఖే."

"ఏ పుట్టుకది?"

"ఏ పుట్టుకేందే?" అని నన్ను వింతగా చూశాడు. "కాలువల మునిగిన దినం. మొదటి పుట్టుక నాకు యాదుంటదా?"

నాకు నవ్వు ఆగలేదు. అమ్మకు చెబితే ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "అయ్యో, గింత పసిపోరనికి నన్నెట్ల కట్టవెట్టిండ్రే! రేపు బడిల ఎయ్యి తిరుమలా, నీ కాడ్నే కూసుంటడు." నాయిన కూడా నవ్వాడు పాపం. కింది వరుసలు చదివాక నేను నవ్వడం ఆపేశాను. నెల రోజుల్లో గుర్తింపు కార్డు చూపించి, ఈ మనిషి పెద్దవాడేనని రుజువు చేసుకోకపోతే ఖాతాలో ఉన్నవన్నీ చెరిపేస్తారట. ఫోన్‌లో వీడియోల కోసం వెతికాను. ఒక్కటి కూడా లేదు.

నేను మేళ్లచెరువులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. అదే బడిలో కంప్యూటర్ చెప్పే శోభ నాకు స్నేహితురాలు. మర్నాడు నాయినను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి పోయాను. శోభ నిదానస్తురాలు. కంపెనీ సొంత పేజీ చిరునామా అక్షరం అక్షరం తానే కొట్టి తెరిచింది.

"ఇంటర్‌నెట్‌ల ఎతికితే మొదలొచ్చే నంబర్లకు ఫోన్ చెయ్యొద్దు అంకుల్. మెయిల్ కంపెనీ ఫోన్ల మాట్లాడదు. ఎవడన్న మాట్లాడిండంటే వాడు దొంగనే."

ఆధార్ కార్డు ఫొటో పంపాలి. పేరు, ముఖం, పుట్టిన తేదీ కనపడితే చాలట, నంబరు కనపడకూడదట. కప్పడానికి ఏమీ దొరక్క, శోభ తన బొట్టుబిళ్ళల అట్ట తీసి నంబరు మీద వరసగా అంటించింది. నాయిన ఇబ్బందిగా కదిలాడు. మందిరం పెద్ద కార్డు మీద ఎర్రగా బొట్లు!

"పాస్టర్ గారు సూస్తే నన్ను మళ్ల ముంచుతడమ్మా," అన్నాడు.

మొదటి ఫొటో మసకగా ఉందని కంపెనీ తిప్పి పంపింది. వాకిట్లో వెలుతురులో రెండోసారి తీసి పంపాం. ఇక ఎదురుచూడడమే పని అంది శోభ. మమ్మల్ని సాగనంపేముందు నాయిన చేత బడిపిల్లల్లా వల్లె వేయించింది.

"ఓటీపీ?"

"చెప్పొద్దు."

"ఆధార్ నంబరు?"

"చెప్పొద్దు."

"పైసలు?"

"పంపొద్దు."

"లింకొస్తే?"

"ఒత్తొద్దు. ఇడ్సిపెట్టమ్మా, నాకు తొమ్మిదేండ్లేం లేవు," అన్నాడు నాయిన.

రోజులు పోతున్నాయి, కంపెనీ నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. నాయినకు అన్నం సహించడం మానేసింది. పొద్దున లేస్తే ఫోన్, పండుకుంటే ఫోన్. పల్లెవాళ్ళకు ఈ సంగతి చెప్పలేదు. ఎవరైనా "అన్నా, వీడియోలు పైలమేనా?" అంటే "ఆఁ" అనేవాడు. అబద్ధం ఆడడం చేతగాని మనిషికి ఆ ఒక్క "ఆఁ" అనడమే పెద్ద శిక్ష అయింది.

అట్లాంటి ఒక ఆదివారం మా చిన్నాయిన కొడుకు విజేందర్ చల్లటి కూల్‌డ్రింకు సీసా పట్టుకుని వచ్చాడు. గనిలో బ్లాస్టింగ్ చేయించే కాంట్రాక్టర్ దగ్గర వాడు సూపర్‌వైజర్. నాకంటే చిన్నవాడు, నా చంకలో పెరిగినవాడు. అయినా కాంట్రాక్టర్ ఇచ్చిన మోటర్ సైకిల్ ఎక్కిన దగ్గర్నుంచీ వాడు కూర్చునే తీరే మారిపోయింది.

"పెద్దనాయినా, నీ ఖాతా బందైందటగా?"

నాకు చురుక్కుమంది. "నీకెవలు చెప్పిండ్రు?"

"పెద్దమ్మ చెప్పింది గదక్కా," అన్నాడు. అమ్మ తల దించుకుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

"గన్ని వీడియోలు దాన్లనే ఉన్నయా? ఇంకో కాడ లేవా?" అని అడిగాడు.

"దాన్లనే," అన్నాడు నాయిన.

"ఎవలకన్న పంపినవా మరి?"

"లేదురా. అన్ని దాన్లనే."

రెండుసార్లు అడగాల్సిన అవసరం ఏముందో నాకు అర్థం కాలేదు. వాడు సీసా మూత తీసి నాయిన గ్లాసు నింపాడు. "మా ఆఫీసుల మల్లికార్జున్ సార్ అని ఉన్నడు. అందరి ఖాతాలు గాయననే తెరిపిస్తడు. గింత పనికి గన్ని దినాలు ఎందుకు?"

"ఏం అక్కర్లేదు తమ్మీ. కంపెనీకే పంపినం," అన్నాను కోపంగా.

"నీ ఇష్టమక్కా," అని నవ్వి లేచాడు. పోయేటప్పుడు నాయిన బండిదాకా వెళ్ళి సాగనంపి వచ్చాడు.

ఎండాకాలం సెలవులంటే పిల్లలకే, ప్రైవేటు బడి పంతుళ్ళకు కాదు. ఊరూరూ తిరిగి మా బడిలో పిల్లల్ని చేర్పించండని ఇంటింటికీ బతిమాలాలి. మే నెల నడిమి ఎండలో అట్లా తిరిగి తిరిగి ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి, నాయిన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని గడపలో కూర్చుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"అయిపోయింది బిడ్డా పని. గా మల్లికార్జున్ సార్ ఫోన్ చేసిండు. రెండు దినాలల్ల ఖాతా తెరుసుకుంటదట."

చేతిలో సంచి అక్కడే పడేశాను. "ఓటీపీ చెప్పినవా?"

"గాయన అడగనే లేదు. అడిగితే పెట్టేద్దునే ఫోను."

"ఆధార్ నంబరు?"

"అడగలే."

"పైసలు?"

"ఒక్క రూపాయి వద్దన్నడు. నువ్వు, గా శోభమ్మ చెప్పినయన్ని నాకు యాదికున్నయి. నేనేం ఎర్రోణ్ణా?"

"మరేం అడిగిండు నాయినా?"

"నా మొఖం," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. నాయిన ఓపికగా చెప్పుకొచ్చాడు. "నేనే ఏసోబునని తెల్వాలె గదా? వీడియో కాల్ చేసిండు. తెల్లగోడ ముందర నిలవడుమన్నడు. మనింట్ల తెల్లగోడ ఏడున్నది, అన్ని పర్రెలేనాయె. మందిరం కాడికి వోయిన. తలకాయ ఇటు తిప్పు, అటు తిప్పు అన్నడు. కండ్లు మూసి తెరువుమన్నడు. ఆఖర్న తను చెప్పినట్టు చెప్పుమన్నడు."

"ఏం చెప్పమన్నడు?"

నాయిన గొంతు సవరించుకున్నాడు. గడపలో లేచి నిలబడి, చేతులు కట్టుకుని, పుస్తకంలో మాటల్లా చెప్పాడు. "నా పేరు ఏసోబు. నేను ఈ పల్లె నివాసిని. ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్తిగా, నేను ఒప్పుకుంటున్నాను. దీనికి నేనే సాక్షిని."

"దేనికి ఒప్పుకుంటున్నవ్?"

"ఖాతా తెరువనీకి."

"ఖాతా అనే మాట అన్నవా అండ్ల?"

నాయిన ఆలోచించాడు. "అన్లే. గాయన అనమన్లే." వెంటనే అన్నాడు, "బాప్తిస్మం నాడు పాస్టర్ గారు అడిగిన మాటలే బిడ్డా ఇంచుమించు. బలవంతం లేకుండ ఒప్పుకుంటున్నవా అనే గదా అడుగుతరు? గందుకే తడవడకుండ ఒక్కపారే చెప్పిన. మస్తు చెప్పినవ్ కాకా, మళ్ల అక్కర్లేదు అన్నడు సార్."

ఆ సంబరం చూస్తుంటే నాకు భయమేసింది. ఏం జరుగుతుందో తెలియని భయం, పేరు పెట్టి చెప్పుకోవడానికి లేని భయం.

ఆ నంబరుకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. తెల్లవారి చేస్తే స్విచాఫ్. ఆ మర్నాడు ఆ నంబరే వాడకంలో లేదంది. విజేందర్ ఇంటికి పోతే, వాణ్ని ఇంకో గనికి మార్చారని చిన్నమ్మ చెప్పింది. ఎక్కడికి అంటే ఆమెకూ తెలియదు. శోభతో చెప్పుకుంటే ఆమె నాయిన ఫోన్ అంతా గాలించింది. కొత్తగా ఎక్కిందేమీ లేదు. బ్యాంకుకు పోయి అడిగాం, రూపాయి కూడా కదలలేదు.

"ఏం పోయింది మరి?" అంది శోభ.

"ఏం పోలే."

"కంప్లైంట్ ఏమని రాస్తం తిరుమలా? ఒకాయన ఫోన్ చేసి ముఖం చూసిండని రాస్తమా?"

అయినా నాలుగు మాటలు రాసి ఠాణాలో ఇచ్చి వద్దామని నేనంటే, నాయినే అడ్డుపడ్డాడు. సాయం చేసిన మనిషి మీద కేసు పెడితే దేవుడు మెచ్చడన్నాడు.

అప్పటినుంచి పల్లె తీరు మారింది. బ్లాస్టింగులు ఆగిపోయాయి. మధ్యాహ్నం సైరన్ కూయదు, గిన్నెలు కదలవు. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం నేను వినలేదు. అన్నం తినేటప్పుడు చెయ్యి అలవాటుగా కంచం మీదికి పోయి, ఊరికే ఆగేది. తెల్ల జీపు ఒకటి రోజూ వచ్చి పల్లె చుట్టూ తిరిగి పోయేది. అందులోంచి దిగిన ముక్కూ ముఖం తెలియనివాళ్ళు నాయిన కనపడితే చాలు, చేతులు జోడించి "నమస్తే ఏసోబు గారూ" అనేవారు. గారూ అట! గనిలో అన్నేళ్ళు పనిచేసిననాడు ఆయన్ని ఒరే అని పిలిచినవాళ్ళే గాని గారూ అన్నవాడు లేడు. పల్లెలో నలుగురూ అది చూశారు. చూసి లోపలికి పోయారు.

"గాళ్లు నీకెట్ల ఎరుక?" అని అమ్మ నిలదీసింది.

"నాకేం ఎరుక? దండం వెడ్తే వద్దంటనా?" అన్నాడు నాయిన.

ఇంతలో ఖాతా తెరుచుకుంది. ఆ మల్లికార్జున్ తెరిచింది కాదు. మేము బొట్టుబిళ్ళలు అంటించి పంపిన కార్డును కంపెనీ ఒప్పుకుంది, ఆ సంగతి కంపెనీ నుంచే వచ్చింది. నాయిన ఆ ఉత్తరం నా చేత నాలుగుసార్లు చదివించుకున్నాడు. వీడియోలన్నీ ఉన్నాయి. రెండేళ్ళ పగుళ్ళు, రెండేళ్ళ దుమ్ము, ప్రతిదాని మొదట్లో నాయిన గొంతు. మొదటి వీడియోలో గోడ ఎంత బాగుందో చూసి అమ్మ ఏడ్చింది. పల్లెవాళ్ళంతా మా వాకిట్లో చేరి ఆ చిన్న ఫోన్ మీద పడి చూశారు. "గని తాత దిగిరావాలె ఇగ!" అని ఒకరు, "ఏసోబన్నకు దండెయ్యాలె" అని ఒకరు. శోభ ఆ వీడియోలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి రెండు చోట్ల దాచింది. నా భయం కూడా సగం దిగింది. వాడెవడో ఉత్త పనిలేనివాడై ఉంటాడు, మనకు నష్టం లేదు అనుకున్నాను. అనుకోవడానికి ఏముంది, ఆ రాత్రి అందరం కడుపునిండా తిన్నాం.

ప్రజాభిప్రాయ సేకరణ నాడు పెద్ద షామియానా, కూలర్లు, ఒక పెద్ద తెర. ఆఫీసర్లు వేదిక మీద, పోలీసులు చుట్టూరా. డీసీఎం వ్యాన్లలో ఎక్కడెక్కడి జనమో దిగారు, వాళ్ళ చేతుల్లో బిర్యానీ పొట్లాలు. మా పల్లెవాళ్ళం ఒక పక్కగా కూర్చున్నాం. నాయిన ఆ తెల్ల చొక్కాలోనే వచ్చాడు. పెన్‌డ్రైవ్ నా దగ్గర ఉంది. మా వంతు వస్తే ఇస్తామని ముందే పేరు రాయించాం.

ముందు గని తరఫున ఒకాయన మైకు తీసుకున్నాడు. ఉద్యోగాలన్నాడు, రోడ్లన్నాడు. తర్వాత, "చుట్టుపక్కల పల్లెల పెద్దలు ఇప్పటికే తమ అంగీకారం తెలియజేశారు, వారి మాటల్లోనే విందాం," అన్నాడు. తెర వెలిగింది. గని విస్తరణకు గ్రామ పెద్దల సమ్మతి అని పెద్ద అక్షరాలు. పక్క ఊరి పెద్దమనుషులు ఇద్దరు వచ్చి ఏదో చెప్పి పోయారు.

మూడోది నాయిన.

తెల్లగోడ. గోడ మీద మందిరంలో రాయించిన వాక్యం చివరి ముక్క. ఇస్త్రీ చొక్కా. ఆయన చేతులు కట్టుకుని, తడబడకుండా చెప్పాడు. పేరు చెప్పాడు, పల్లె చెప్పాడు, ఎవరి బలవంతమూ లేదని చెప్పాడు, ఇష్టపూర్తిగా ఒప్పుకుంటున్నానన్నాడు, నేనే సాక్షినన్నాడు. అంతే, తెర ఆరిపోయింది.

మా వాళ్ళలో ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఒక్కొక్కరే తల తిప్పి నాయినను చూశారు. నాయిన తెరను చూస్తున్నాడు.

నేను లేచి అరిచాను. మోసమని, అది ఖాతా కోసం చెప్పించిన మాటని, నోటికొచ్చినట్టు ఏవేవో అరిచాను. నా చేతిలో మైకు లేదు. వేదిక మీది ఆఫీసర్ చెయ్యెత్తి అందరినీ ఆగమని, నాయినను ముందుకు పిలిచాడు.

"పెద్దాయనా, ఇందులో ఉన్నది మీరేనా?"

"కాదను," అంది అమ్మ పక్కనుంచి. "కాదని చెప్పయ్యా, నీ కాళ్లు మొక్కుత." నేనూ అదే కోరుకున్నాను. ఆయన ఇంకొక్క అబద్ధం ఆడాలని ఆ క్షణంలో నేను కోరుకున్నంతగా ఇంకేదీ కోరుకోలేదు.

మైకు నాయిన నోటి దగ్గరికి వచ్చింది.

"నేనే సార్," అన్నాడు. ఆ మాట షామియానా అంతా వినపడింది. "గని మాట మాత్రం నేనన్లే సార్, వాళ్లు..." అనేసరికి మైకు అక్కడ లేదు, డీసీఎంల జనం చప్పట్లు కొడుతున్నారు.

మా వంతు వచ్చినప్పుడు వీడియోలు ఇచ్చాం. తీసుకున్నారు, సంతకం పెట్టించుకున్నారు, చూస్తామన్నారు. నేను మోసం సంగతి రాసిచ్చాను, అదీ తీసుకున్నారు. ఠాణాకు కూడా పోయాం ఆ మర్నాడే. ఆ గొంతు ఎవరిదో, మల్లికార్జున్ అనే పేరు నిజమో కాదో ఇప్పటికీ తేలలేదు. విజేందర్ మళ్ళీ మా గడప తొక్కలేదు. వాడికి అన్నీ తెలుసో, వాణ్ని కూడా ఎవరో వాడుకున్నారో నేను చెప్పలేను. కనపడితే చెంప పగలగొట్టి అప్పుడు అడుగుతాను.

పల్లె మాత్రం ఆ సాయంత్రమే తీర్పు చెప్పేసింది. తిరిగి వచ్చే దారిలో మా వెనకాల నడిచేవాళ్ళ మాటలు మాకు వినపడాలనే అన్నారు.

"రెండేండ్లు వీడియోలు దీసింది గిందుకేనా? ధర వెంచుకునేటందుకా?"

"నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రెలైనయట."

"మందిరంల నిలవడి చెప్పిండు గదరా, గది సూడు!"

నాయిన వినపడే చెవి వాళ్ళవైపే ఉంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఇంటికి వచ్చి చొక్కా విప్పి దండెం మీద వేసి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన ఏడ్చాడో లేదో నాకు తెలియదు. నేనైతే ఏడ్చాను, కోపంతో ఏడ్చాను.

వారం తిరిగేలోపు బ్లాస్టింగులు మళ్ళీ మొదలయ్యాయి, ముందటికంటే దగ్గరగా. సైరన్ కూసినా నాయిన ఫోన్ తీయలేదు.

ఆదివారం వచ్చింది. మందిరానికి పోవద్దని అమ్మ బతిమాలింది. "పోకుంటే వాళ్లన్నదే నిజమంటరు," అని ఆయన బయల్దేరాడు. ఆయన వెనక మేమిద్దరం. లోపలికి పోతే ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ జరిగి చోటూ ఇవ్వలేదు. పాటలయ్యాక మందిరం పెద్ద లేచి ప్రార్థన చేయడం రివాజు. నాయిన లేచి, ఆ తెల్లగోడ ముందే నిలబడి కళ్ళు మూసుకున్నాడు. వానల కోసం ప్రార్థించాడు. జ్వరంతో ఉన్నవాళ్ళ కోసం పేరుపేరునా ప్రార్థించాడు. పల్లెలో ప్రతి ఇంటి గోడ కోసం, ఆ ఇంటివాళ్ళ పేరుతో ప్రార్థించాడు. విజేందర్ కోసం కూడా ప్రార్థించాడు. తన కోసం ఒక్క మాట అడగలేదు.

ప్రార్థన ముగిసింది. ఎవరూ ఆమెన్ అనలేదు.

నాయిన కళ్ళు తెరవలేదు. చెవి వినపడక తనకే అందలేదనుకున్నాడేమో, వినపడే చెవిని జనంవైపు తిప్పి, అట్లాగే నిలబడి ఎదురుచూశాడు. చాపల మీద అంతమంది ఉన్నారు, ఒక్క దగ్గు కూడా లేదు. అమ్మ లేచి నిలబడి, కొట్లాటకు పిలిచినంత గట్టిగా "ఆమెన్" అంది. నేనూ అన్నాను. ఆయన మాత్రం ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నాడు, మిగతా వాళ్ళ కోసం.